భీమిలి ఇసుక, బాంబుల ధూళి

భీమిలి తీరంలో అలలు వెనక్కి మళ్లిన చోట నల్లని చారలుగా పేరుకున్న ఇసుక దగ్గర రేడియోధార్మికతను పసిగట్టే గైగర్ కౌంటర్ పెడితే, పక్కనున్న మామూలు ఇసుక మీద కంటే అది చురుగ్గా టిక్కుటిక్కుమంటుంది. అణుపరీక్షల ధూళి ఇక్కడికీ చేరిందని ఆ చప్పుడు విని భయపడనక్కరలేదు. ఆ చారల్లో ఇల్మనైట్, గార్నెట్‌లతో పాటు మోనజైట్ అనే బరువైన ఖనిజం ఉంటుంది. తూర్పు కనుమల రాళ్లు యుగాలుగా అరిగి, ఏరుల వెంట సముద్రానికి చేరిన ఆ రేణువుల్లోని థోరియం అనే రేడియోధార్మిక లోహమే చప్పుడుకు కారణం. దాని అర్ధాయువు, అంటే ఉన్నదానిలో సగం క్షీణించడానికి పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల సంవత్సరాలు.

అలాగని బాంబుల ధూళి విశాఖకు రాలేదనుకోవడమూ సరికాదు. 1945 నుంచి 1980 వరకు ఆరుబయట జరిగిన పరీక్షలు 500కు పైమాటే. 1954 మార్చి 1న బికినీ దీవిలో పేల్చిన 15 మెగాటన్నుల బాంబు వంటివి తమ శిథిలాలను వాతావరణపు పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్ దాకా ఎగదోశాయి. అక్కడ నెలలు, ఏళ్ల తరబడి తిరిగిన ధూళి క్రమంగా కిందికి దిగి, వానలతో ప్రపంచమంతటా నేలకు చేరింది. ఆ ధూళి అత్యధికంగా ఉన్న 1963లో కూడా దాని వల్ల మనిషికి ఆ ఏడాది అందిన సగటు రేడియేషన్ మోతాదు సుమారు 0.11 మిల్లీసీవర్టులు; ప్రకృతి నుంచి ఏటా అందేది 2.4. ఇంత స్వల్పమైన దాన్ని థోరియం హోరులోంచి వేరుచేయడమే అసలు కష్టం.

అందుకు ఎన్ని కిరణాలు వచ్చాయో లెక్కిస్తే చాలదు, ఒక్కొక్క కిరణం శక్తి ఎంతో కొలవాలి. ఆరబెట్టి జల్లించిన మట్టిని డబ్బాలో నింపి, మందమైన సీసపు గోడల నడుమ, కిరణాల శక్తిని కొలిచే, ద్రవ నత్రజనితో చల్లబరచిన జర్మేనియం స్ఫటికం పక్కన గంటల తరబడి ఉంచుతారు. తెరమీద ఒక్కో శక్తి దగ్గర మెల్లగా శిఖరాలు లేస్తాయి. 2,615 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల (కిరణాల శక్తికి కొలమానం) దగ్గర లేచేది థోరియం సంతతికి, అంటే అది క్షీణిస్తూ వరుసగా పుట్టించే మూలకాలకు, చెందిన థాలియం-208. 609 దగ్గరిది యురేనియం సంతతికి చెందిన బిస్మత్-214. 662 దగ్గర సన్నగా నిలిచేది సీజియం-137. మట్టిలో సహజంగా ఉండని ఈ చివరిదే మనిషి చేసిన పని. చవకైన సోడియం అయోడైడ్ స్ఫటికంలో 609, 662 శిఖరాలు ఒకదానిలోకి ఒకటి ఒరిగిపోతాయి కనుక, తీరప్రాంతపు మట్టికి జర్మేనియమే నమ్మదగినదని నా అభిప్రాయం.

సీజియం కనబడినా, అది బాంబుదో రియాక్టర్‌దో తేల్చాలి. రియాక్టర్‌లో ఇంధనం చాలాకాలం న్యూట్రాన్ల తాకిడికి లోనవుతుంది కాబట్టి సీజియం-134 కూడా పుడుతుంది. క్షణంలో ముగిసే పేలుడులో అది దాదాపు ఏర్పడదు. బాంబుల ధూళిలోని మరో పదార్థమైన స్ట్రాన్షియం-90 మరింత చిక్కు: జర్మేనియం పసిగట్టే గామా కిరణాలను అది వెలువరించదు, రసాయనికంగా వేరుచేసి బీటా కణాలను లెక్కించాలి. కాల్షియంలా ప్రవర్తించి ఎముకల్లో చేరుతుంది కనుకనే, 1958 చివరి నుంచి అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో పిల్లల పాలపళ్లు సేకరించి దాన్ని కొలిచారు.

సీజియం బంకమట్టిని గట్టిగా పట్టుకుని పైపొరల్లోనే ఉండిపోతుంది. అందుచేత ఎవరూ కదపని కొండవాలులో ఎంత ఉందో, సాగులో ఉన్న వాలులో ఎంత మిగిలిందో పోల్చి మట్టి కోతను అంచనా వేయవచ్చు. విశాఖ చుట్టూ కొండలను తొలిచి లేఅవుట్లు వేస్తున్నకొద్దీ అలాంటి కదపని నేల తగ్గుతోంది. సీజియం అర్ధాయువు 30 ఏళ్లే కాబట్టి 1963 నాటి దానిలో ఇప్పుడు నాలుగో వంతు కూడా మిగల్లేదు. సింహాచలం కొండల్లో ఇంకా పలుగు తగలని చోట్ల మట్టి నమూనాలు తీసి భద్రపరచవలసింది ఇప్పుడే.