విక్టోరియా రాణి బొమ్మ ఉంటే చాలా?

తాతగారి ట్రంకుపెట్టెలో బ్రిటన్ పాత నాణేలు, షిల్లింగులూ పెన్నీలూ, బయటపడితే ఇంట్లో ముందు వినిపించే మాట, "పాతవి కదా, లక్షల్లో పోతాయట!" పాతదైనంత మాత్రాన ధర రాదు. విక్టోరియా కాలపు పెన్నీలు కోట్లలో అచ్చయ్యాయి, అరిగినవి బ్రిటన్‌లో ఇప్పటికీ చవగ్గానే దొరుకుతాయి.

నాణెం మీద పూర్తిగా 'ఇండియా' అని ఉంటే అది మన రూపాయో అణానో, దాని లెక్క వేరు. 'ఇండ్ ఇంప్' (IND IMP) అని ఉంటే మాత్రం అది మన నాణెమని పొరబడొద్దు. భారత చక్రవర్తి అనే బిరుదును బ్రిటన్ తన సొంత నాణేల మీద కూడా 1948 దాకా అలా పొట్టిగా చెక్కింది.

తెల్లటి నాణేల్లో ముందు చూడాల్సింది సంవత్సరం. 1919 దాకా వాటిలో 92.5 శాతం వెండి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత వెండి ధర ఎగబాకి, నాణెం ముఖ విలువ కన్నా అందులోని వెండే ఖరీదైపోయింది. దాంతో 1920లో వెండిని 50 శాతానికి దించారు. రెండో యుద్ధంలో అమెరికా నుంచి అప్పు తెచ్చుకున్న వెండి తిరిగి ఇవ్వాల్సి రావడంతో 1947లో అదీ పోయి, రాగి, నికెల్ మిశ్రమం వచ్చింది.

గమ్మత్తేమిటంటే సైజు, బరువు మారలేదు. హాఫ్ క్రౌన్, అంటే రెండున్నర షిల్లింగుల నాణెం, వెండిదైనప్పుడూ 14.14 గ్రాములే, 1947 తర్వాతా అంతే. మరి సంవత్సరం అరిగిపోయి కనపడకపోతే? గ్రాములో వందో వంతు చూపే డిజిటల్ కాటా మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారంతో వేలాడదీసి, అడుగుకు తగలకుండా ముంచండి. కాటా చూపేది నాణెం తొలగించిన నీటి బరువు. పాత వెండి హాఫ్ క్రౌన్‌కి అది 1.36 గ్రాముల దగ్గర ఉంటుంది, 1947 తర్వాతిదానికి 1.58 దగ్గర. నాణెం అరిగి బరువు తగ్గినా ఫర్వాలేదు, దాని పొడి బరువును కాటా చూపిన అంకెతో భాగించండి. 10.3 చుట్టుపక్కల వస్తే మంచి వెండి, 8.9 వస్తే వెండి లేనట్టే, సగం వెండిది ఈ రెంటి నడుమ.

1860 తర్వాతి పాత పెన్నీలు కంచువి. వాటిని చింతపండుతో తోమాలని మనవాళ్లకు చెయ్యి దురద పెడుతుంది. దయచేసి తోమకండి! పులుపు ఆ గోధుమరంగు పొరను కరిగించేసి కింది లోహాన్ని గులాబిరంగులో బయటపెడుతుంది. అచ్చు వేసినప్పుడు లోహం సాగి ఏర్పడే సన్నటి గీతల వల్లే కొత్త నాణేనికి ఆ మెరుపు. తోమితే అది పోతుంది, మళ్లీ రాదు, సేకర్తలు ఇట్టే పట్టేస్తారు. మురికి నాణెమే నయం.

అరుదైనవి నిజంగా అరుదే. 1933లో పెన్నీలు చలామణిలో సరిపడా ఉండటంతో కొత్తవి అవసరం పడలేదు. కొన్ని భవనాల శంకుస్థాపనల కోసం చేసిన గుప్పెడే ఆ ఏటివి. బ్రిటన్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ 1936 డిసెంబరులో గద్దె దిగిపోయాడు, ఆయన బొమ్మతో నాణేలు చలామణిలోకి రానేలేదు. ఆయన బొమ్మ ఉన్న ఒక బంగారు సావరిన్ 2020లో 10 లక్షల పౌండ్లకు పోయింది. 1965లో చర్చిల్ బొమ్మతో వచ్చిన క్రౌన్, అంటే ఐదు షిల్లింగుల నాణెం, కథ దీనికి పూర్తిగా ఎదురు. దాదాపు 2 కోట్లు అచ్చేశారు, అందరూ భద్రంగా దాచుకున్నారు, అందుకే ఎవరికీ అక్కర్లేదు.

సావరిన్ దొరికితే మాత్రం అదృష్టమే. 7.98 గ్రాములు, 22 క్యారెట్లు, దాదాపు మన కాసు బంగారం. 1918లో కొన్ని బొంబాయిలోనే ముద్రించారు, తేదీ పైన, గుర్రం బొమ్మ కింద ఉండే నేల గీత మీద చిన్న 'ఐ' (I) అక్షరం దానికి గుర్తు. కరిగించమని ఇచ్చే ముందు భూతద్దంతో అక్కడొకసారి చూడండి.

ధర తెలుసుకోవాలంటే అమ్మేవాళ్లు అడిగే రేటు కాదు, వేలంలో అమ్ముడైన రేటు చూడాలి. "మీ నాణెం కొంటాం, ముందు ఫీజు కట్టండి" అని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి. ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకు 2021లోనే హెచ్చరించింది.