బాతులు చచ్చాక కదిలిన నిషేధం: గోల్ఫ్ పచ్చిక వెనక మందుల చరిత్ర

1984లో న్యూయార్క్ నగరాన్ని ఆనుకుని ఉన్న లాంగ్ ఐలాండ్‌లో ఒక గోల్ఫ్ కోర్సు గడ్డి మేసిన బ్రాంట్ బాతులు దాదాపు 700 చనిపోయాయి. గడ్డి వేళ్లు కొరికే పురుగుల కోసం అక్కడ డయాజినాన్ అనే మందు చల్లారు. గోల్ఫ్ కోర్సుల మందుల మీద అమెరికాలో పెద్ద గొడవ మొదలైంది అప్పుడే. కానీ మందుల అవసరం అంతకు చాలా ముందే, గడ్డి కోసే మిషన్‌తోనే పుట్టింది.

బంతి గుంటలోకి దొర్లే చోటును గ్రీన్ అంటారు. ఇప్పుడు అక్కడి గడ్డిని దాదాపు రోజూ 3, 4 మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరిస్తారు. ఆకు అంత పొట్టిగా ఉంటే మొక్కకు తిండి చాలదు, వేరు లోతుకు దిగదు. వేరు పైపైనే ఉంటుంది కాబట్టి మాటిమాటికీ నీళ్లు పెట్టాలి. ఆ తడికి బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. అమెరికా దక్షిణాది కోర్సుల్లో ఇన్ని తిప్పలు పడి పెంచేది మన రైతు పొలంలోంచి పీకి గట్టు మీద పారేసే గరిక జాతినే. ఉత్తరాదిన చలికి తట్టుకునే బెంట్‌గ్రాస్ వేస్తారు. దానికి తెగుళ్ల బెడద ఇంకా ఎక్కువ.

అమెరికా గోల్ఫ్ సంఘం 1920లో గడ్డి కోసమే గ్రీన్ సెక్షన్ అనే విభాగం పెట్టింది. గడ్డి గుండ్రంగా మాడిపోయే బ్రౌన్ ప్యాచ్ తెగులుకు మొదట ద్రాక్ష తోటల బోర్డో మిశ్రమమే వాడారు. దాంట్లోని రాగి నేలలో పేరుకుని గడ్డికే చేటు చేయడంతో పాదరసం మందులకు మారారు. వాటి వాడకం దశాబ్దాల పాటు సాగి 1990ల్లో గానీ ఆగలేదు. పురుగులకు లెడ్ ఆర్సెనేట్, అంటే సీసం, ఆర్సెనిక్ కలిసిన విషం. దాన్ని వానపాముల మీద కూడా వాడారు. అవి పైకి తోసే మట్టి ఉండలు బంతి దారికి అడ్డమట! కలుపు సంగతికొస్తే, 1944లో గ్రీన్ సెక్షన్‌కు చెందిన వృక్ష శాస్త్రవేత్త ఫానీ ఫెర్న్ డేవిస్ పచ్చికలో 2,4-డి అనే కలుపు మందును పరీక్షించారు. వెడల్పాకు కలుపు చచ్చింది, గడ్డి బతికింది.

అసలు తలనొప్పి జపాన్ పెంకు పురుగు. 1916లో న్యూజెర్సీలో మొదటిసారి కనిపించిన ఈ పురుగు పిల్ల దశలో, మన వేరుశనగ రైతులకు తెలిసిన వేరు పురుగులాగే, నేలలో ఉండి వేళ్లు తింటుంది. లెడ్ ఆర్సెనేట్ తర్వాత డీడీటీ, క్లోర్డేన్ వచ్చాయి. క్లోర్డేన్‌కు పురుగు అలవాటు పడిపోయింది, ఆపైన ప్రభుత్వమూ దాన్ని కట్టడి చేసింది. ఆ ఖాళీలో నిలదొక్కుకున్న మందుల్లో డయాజినాన్ ఒకటి. ఇది నేలలో ఏళ్ల తరబడి మిగలదు కాబట్టి నయమే అనుకున్నారు. కానీ నరాల పనికి కావాల్సిన ఎంజైమును అడ్డుకునే ఆర్గానోఫాస్ఫేట్ ఇది. మందు పడిన గడ్డిని కడుపు నిండా మేసే పక్షికి ఆ కాస్త కాలమే చాలు.

బ్రాంట్ బాతులు గడ్డి మేయడానికీ ఒక కారణం ఉంది. వాటి అసలు తిండి తీరంలో నీటి అడుగున పెరిగే ఈల్‌గ్రాస్. 1930ల్లో ఏదో జబ్బు సోకి అది అట్లాంటిక్ తీరమంతా దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. బతికి బట్టకట్టిన బాతులు వేరే తిండికి మళ్లాయి, తర్వాతి కాలంలో లాన్లు, గోల్ఫ్ కోర్సులు కూడా అలవాటు చేసుకున్నాయి.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 1988లో గోల్ఫ్ కోర్సుల్లోనూ, పచ్చిక పెంచి అమ్మే ఫారాల్లోనూ డయాజినాన్‌ను రద్దు చేసింది. తయారీదారు సీబా-గైగీ కోర్టుకెక్కింది. చల్లిన ప్రతిసారీ పక్షులు చావడం లేదు కదా అని దాని వాదన. 1989లో అప్పీళ్ల కోర్టు ఆ వాదనను పూర్తిగా ఒప్పుకోలేదు గానీ, హాని మామూలుగానే జరుగుతుందో లేదో మళ్లీ తేల్చమని కేసును వెనక్కి పంపింది. 1990లో ఈపీఏ రద్దునే ఖాయం చేసింది. విడ్డూరం ఏమిటంటే, ఇళ్ల ముందు లాన్లకు మాత్రం అదే మందు 2004 చివరిదాకా అమ్మారు. ఏది క్లబ్బు గడ్డో, ఏది ఇంటి గడ్డో బాతు చూసుకుని మేస్తుందా?

ఈలోగా టెన్షన్ నీళ్ల మీదికి మళ్లింది. లాంగ్ ఐలాండ్ జనం తాగేది భూగర్భ జలమే. అక్కడి 52 కోర్సుల మీద న్యూయార్క్ అటార్నీ జనరల్ కార్యాలయం 1991లో నివేదిక ఇచ్చింది. ఎకరా లెక్కన సేద్యంలో వాడేదానికి 4 నుంచి 7 రెట్లు మందు వాడుతున్నారని తేల్చింది. మూడేళ్లకు పురుగుల కోసం ఇమిడాక్లోప్రిడ్ వచ్చింది, పోనుపోను తేనెటీగలకు చేటన్న వివాదం తెచ్చిపెట్టింది. ఒక మందు పోతే ఇంకో మందు రావడమే తప్ప, గడ్డిని కాస్త ఎత్తుగా ఉంచితే సగం గొడవ తగ్గుతుందన్న మాట ఆటగాళ్లకు రుచించలేదు.

కెనడాలోని ఒంటారియో 2009లో అందం కోసం వాడే పురుగు మందులను నిషేధించినా గోల్ఫ్‌కు మినహాయింపు ఇచ్చింది. బదులుగా ఏటా వాడకం లెక్క చెప్పి, బహిరంగ సమావేశం పెట్టాలని అప్పట్లో షరతు పెట్టింది. మసాచుసెట్స్‌లోని మార్తాస్ వైన్‌యార్డ్ దీవి ఇంకో దారి పట్టింది. రసాయన మందులు వాడకూడదన్న షరతు మీదే అక్కడ 2002లో ఒక కోర్సు తెరిచారు. అలాంటి చోట్ల కలుపు చేత్తో పీకుతారు, తెల్లారకముందే గడ్డి మీది మంచు దులుపుతారు. అక్కడక్కడ మచ్చలు కనిపిస్తే ఆట ఆపరు.