పాత ఫోటోలో లారీని గుర్తుపట్టడం: అపోహలు - వాస్తవాలు

తాతగారు లారీ మడ్‌గార్డు మీద చెయ్యి వేసి నిలబడ్డ ఫోటో చాలా ఇళ్లల్లో ఉంటుంది. "ఇది ఏ బండి, ఏ సంవత్సరంది" అని అడుగుతూ నాకు పంపుతుంటారు. పాత లారీలు బాగుచేసే పని నాది, అలాంటి ఫోటోలు ఎన్ని వచ్చినా ఇష్టంగానే చూస్తాను. కానీ ఫోటోతో పాటు వచ్చే మాటల్లో కొన్ని పొరపాట్లు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. వాటివల్ల కుటుంబ చరిత్ర పదేళ్లో ఇరవయ్యేళ్లో అటూ ఇటూ జరిగిపోతోంది.

అపోహ: క్యాబిన్ చూస్తే కంపెనీ తెలిసిపోతుంది.

వాస్తవం: మన లారీల విషయంలో తెలియదు. కంపెనీ నుంచి చాలావరకు బోనెట్, మడ్‌గార్డులు ఉన్న ఛాసిస్ (ఇంజిన్, చక్రాలు బిగించిన చట్రం) మాత్రమే వచ్చేది. క్యాబిన్, వెనక తొట్టి ఓనరు తనకు నచ్చిన చోట చెక్కతో కట్టించుకునేవాడు. ఒకే షెడ్డులో బాడీ కట్టిన ఫార్గో, బెడ్‌ఫోర్డ్ అనే రెండు వేర్వేరు కంపెనీల లారీలు పక్కనుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి. అందుకే కళ్లు బండి ముందు భాగం మీద పెట్టండి, గ్రిల్, బోనెట్ వంపు, హెడ్‌లైట్లు మడ్‌గార్డులో కూర్చున్నాయా విడిగా నిలబడ్డాయా అన్నది చూడండి. షెవర్లే అయితే ఇది చాలా తేలిక. 1941 నుంచి 1946 దాకా వచ్చిన వాటికి గ్రిల్ పైన అడ్డ పట్టీలు, కింద నిలువు పట్టీలు ఉంటాయి. 1947లో వచ్చిన కొత్త రూపానికి వెడల్పాటి ఐదు అడ్డ పట్టీలు, అది 1953 మోడల్ దాకా నడిచింది, 1954లో మళ్లీ గ్రిల్ మారింది. డాడ్జ్, ఫార్గో దగ్గర మాత్రం చాలామంది అనవసరంగా టెన్షన్ పడతారు. రెండూ క్రైస్లర్ బండ్లే, పేరు పలక తప్ప పెద్ద తేడా లేదు. మన దేశంలో వాటిని బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ వాళ్లు తయారుచేసేవారు.

అపోహ: మూడు కొమ్మల నక్షత్రం ఉంది కాబట్టి అది జర్మనీ నుంచి దిగిన బెంజి.

వాస్తవం: మన పెద్దవాళ్లు "బెంజి లారీ" అన్నది దాదాపు ఎప్పుడూ జంషెడ్‌పూర్ బండినే. టాటా వారి లారీల కంపెనీ టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకుని టాటా మెర్సిడెస్ బెంజ్ పేరుతో లారీలు తయారుచేసింది. 1969లో ఆ ఒప్పందం ముగిశాక నక్షత్రం పోయి టాటా వారి 'టి' గుర్తు వచ్చింది. కాబట్టి 'టి' గుర్తు స్పష్టంగా కనిపిస్తే ఆ ఫోటో 1969 కంటే ముందుది కాదని గట్టిగా చెప్పొచ్చు. నక్షత్రం ఉంటే మాత్రం తొందరపడొద్దు, ఆ బండ్లు తర్వాత కూడా చాలా ఏళ్లు రోడ్డు మీద తిరిగాయి.

ఇక్కడే ఇంకో అపోహ కూడా ఉంది, మోడల్ సంవత్సరమే ఫోటో సంవత్సరం అనుకోవడం. మోడల్ మనకు ఇచ్చేది ఒక్క హద్దు, ఫోటో అంతకు ముందుది కాదు అని. ఫోర్డ్, జనరల్ మోటార్స్ 1950ల నడిమికే మన దేశం నుంచి వెళ్లిపోయాయి, అయినా వాటి లారీలు ఇంజిన్లు మార్చుకుంటూ ఆ తర్వాత ఎంతకాలం బతికాయో పాత డ్రైవర్లను అడగండి.

రెండో హద్దు, అంటే ఫోటో ఎప్పటి తర్వాతది కాదన్నది, తెలియడానికి బండి మీద పెయింటు రాతలు చదవండి, నా ఉద్దేశంలో ఫోటో మొత్తంలో ఎక్కువ సమాచారం ఉండేది అక్కడే, ఎవరూ పట్టించుకోనిదీ దాన్నే. నుదుటి మీద "పబ్లిక్ క్యారియర్" అని ఉంటే కిరాయికి తిరిగే బండి, "ప్రైవేట్ క్యారియర్" అని ఉంటే సొంత సరుకు మోసుకునే మిల్లుదో వ్యాపారిదో. 1939 మోటారు వాహనాల చట్టం కింద ఈ రెండు రకాల పర్మిట్లు ఉండేవి, 1989లో కొత్త చట్టం అమలయ్యాక ఆ తేడా పోయి "గూడ్స్ క్యారియర్" వచ్చింది. "తాతగారికి సొంత లారీ ఉండేది" అన్న ఇంటి కథను కూడా ఈ బోర్డుతో, పక్కన రాసిన ఓనరు పేరుతో సరిచూసుకోండి. లారీ పక్కన నిలబడ్డవాళ్లందరూ ఓనర్లు కారు. అలాగే ప్రక్కన రాసిన బరువు పౌండ్లలో ఉందా కిలోల్లో ఉందా చూడండి. పౌండ్లయితే మెట్రిక్ కొలతలు పూర్తిగా రాకముందు, అంటే 1960ల తొలినాళ్లకు ముందు రాసిన రాత అయ్యే అవకాశం ఎక్కువ.

అపోహ: నంబరు ప్లేటే బండి పుట్టిన తేదీ.

వాస్తవం: ప్లేటు చెప్పేది రిజిస్ట్రేషన్ గురించి. మద్రాసు రాష్ట్రం నంబర్లు 'ఎం' అక్షరంతో, ఆంధ్రప్రదేశ్ నంబర్లు 'ఎ' అక్షరంతో మొదలయ్యేవి. 'ఎ.పి. 16' లాంటి జిల్లా అంకె కనిపిస్తే అది 1989 తర్వాతి పద్ధతి. రాష్ట్రం మారిన బండికి కొత్త నంబరు పడుతుంది, ఇనుము పాతదే.

బ్లాక్ అండ్ వైట్ ఫోటో కాబట్టి 1960కి ముందుది అనేవాళ్లకు ఒక్కమాట: మన ఊళ్ల స్టూడియోల్లో 1970లు దాటినా బ్లాక్ అండ్ వైట్ నడిచింది.

అపోహ: స్టీరింగ్ ఎడమవైపు ఉంటే విదేశాల్లో తీసిన ఫోటో.

వాస్తవం: ముందు ఫోటో తిరగబడి ప్రింటైందేమో చూడండి. అక్షరాలు అద్దంలో చూసినట్టు ఉన్నాయా, చొక్కా జేబు వేసుకున్న మనిషి కుడివైపుకు వచ్చిందా? అవేవీ లేకపోతే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిలటరీ వాళ్లు అమ్మేసిన అమెరికన్ బండి కావచ్చు, జి.ఎం.సి. ఆర్మీ లారీలకు స్టీరింగ్ ఎడమవైపే.

చివరగా ఈమధ్య బాగా పెరిగిన అపోహ, ఏఐతో ఫోటో క్లియర్ చేస్తే గ్రిల్ మీద పేరు చదవొచ్చని. దయచేసి ఆ పని చేశాక నాకు పంపకండి. అది ఫోటోలో లేని గీతలు తనకు తోచినట్టు నింపుతుంది, మూడు పట్టీలను ఐదు చేస్తుంది, ఉన్న ఆధారం కూడా చెరిగిపోతుంది. ఫోటోతో వెతికితే వచ్చే ఫలితాలూ ఎక్కువగా అమెరికా పికప్‌ల వైపే లాగుతాయి. అసలు ఫోటోను 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) స్కాన్ చేయండి, వెనకవైపు కూడా చేయండి, స్టూడియో ముద్ర, పెన్సిల్ రాత అక్కడే ఉంటాయి. మూలల్లో పనికిరానిదిలా కనిపించే గోడ రాతలు, పెట్రోలు బంకు బోర్డు కత్తిరించకుండా ఉంచండి.