గో-లైవ్ తర్వాతే అసలు లెక్క: ప్రాజెక్టు ప్రయోజనాలపై అపోహలు - వాస్తవాలు

హైటెక్ సిటీలోనైనా జీడిమెట్లలోనైనా గో-లైవ్ రోజు (కొత్త సిస్టమ్ వాడకంలోకి వచ్చే రోజు) తంతు ఒకటే. కేకు, గ్రూపు ఫోటో, పైవాళ్ళ నుంచి అభినందనల మెయిల్. ఆర్నెల్ల తర్వాత ఫైనాన్స్ వాళ్ళు "మొదట్లో చూపించిన ఆదా ఏ ఖాతాలో ఉంది?" అని అడిగేసరికి ప్రాజెక్టు టీమ్‌లో ఒక్కరూ అక్కడ ఉండరు.

ఈ పోస్టంతా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మేడ్చల్ దారిలో మందులు పంపిణీ చేసే ఒక గోడౌన్ ఉందనుకోండి. 60 మంది పికర్లు కాగితం చూసి మందులు ఏరుతారు. కాగితం తీసేసి బార్‌కోడ్ స్కానర్లు పెట్టాలన్నది ప్రాజెక్టు. అంకెలు ఊహించినవే, చిక్కులు మాత్రం నిజమైనవి.

అపోహ: గడువులోపు, బడ్జెట్‌లోపు అప్పగిస్తే ప్రాజెక్టు గెలిచినట్టే.

కొత్త ఇంట్లో పాలు పొంగించారు, బాగుంది. మూడో అంతస్తుకు నీళ్ళెక్కుతున్నాయా? స్కానర్లు, సాఫ్ట్‌వేర్ మనం అప్పగించే వస్తువులు. పికర్ ప్రతి పెట్టెనూ స్కాన్ చేసి ఏరడం పనితీరులో మార్పు. తప్పు మందు వెళ్ళడం తగ్గితే అది ఫలితం. వెనక్కొచ్చే సరుకు రవాణా ఖర్చు, క్రెడిట్ నోట్ల (కొన్నవాళ్ళకు తిరిగి జమ చేసే సొమ్ము) మొత్తం తగ్గితేనే ప్రయోజనం. ఈ గొలుసును మొదటి వారంలోనే బోర్డు మీద కుడి నుంచి ఎడమకు, అంటే ప్రయోజనం నుంచి వెనక్కి గీయాలి. ఎడమ నుంచి మొదలుపెడితే వెండర్ అమ్ముతున్న ఫీచర్లన్నిటికీ ఏదో ఒక ప్రయోజనం అతికించేస్తాం.

గడువు, బడ్జెట్ ముఖ్యం కావని కాదు. కానీ సిడ్నీ ఒపేరా హౌస్‌ను 70 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల అంచనాతో మొదలుపెట్టి, చివరికి 10.2 కోట్ల డాలర్లతో, పదేళ్ళ ఆలస్యంగా 1973లో తెరిచారు. దాన్ని విఫలమైన కట్టడం అనేవాళ్ళు ఇవాళ అరుదు. గడువుకే ముగిసి మూలన పడ్డ సాఫ్ట్‌వేర్లు మాత్రం ప్రతి కంపెనీలోనూ రెండో మూడో దొరుకుతాయి.

అపోహ: ప్రయోజనాల సంగతి బిజినెస్ వాళ్ళు (సిస్టమ్‌ను వాడే విభాగాలు) చూసుకుంటారు.

సగం నిజం. ఎవరి బడ్జెట్‌లో ఆ ఖర్చు పద్దు ఉందో వాళ్ళే యజమాని. అయితే "ఆపరేషన్స్ టీమ్" అని రాసి ఊరుకుంటే ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్టే. ఒక మనిషి పేరు ఉండాలి. ఆ మనిషి వచ్చే ఏడాది బడ్జెట్‌లో తగ్గించిన అంకె వేసి సంతకం పెట్టగలగాలి. సంతకానికి వెనకాడితే ఆ ప్రయోజనాన్ని ఆయనే నమ్మడం లేదని అర్థం. అది ప్రాజెక్టు మొదట్లోనే తెలిసిపోవడం మంచిది.

ప్రాజెక్టు మేనేజర్ పని ప్రతి ప్రయోజనానికీ ఒక్క పేజీ కార్డు తయారు చేయడం. ఏది తగ్గాలి, ఇవాళ ఎంతుంది, ఏ తేదీకి ఎంతకు రావాలి, ఏ రిపోర్టులోంచి తీస్తాం, ఎవరు కొలుస్తారు, మన ప్రాజెక్టు కాక ఇంకేం జరగాలి. ఈ చివరి గడినే అందరూ ఖాళీగా వదిలేస్తారు.

తర్వాత చేంజ్ రిక్వెస్ట్ ఫారంలో ఖర్చు, గడువు పక్కన "ఏ కార్డు దెబ్బతింటుంది?" అని మూడో గడి చేర్చాలి. మూడు వారాలు కలిసొస్తాయని స్కానింగ్‌లోంచి ఎక్స్‌పైరీ తేదీ నమోదు తీసేశారనుకోండి. స్కోప్ (చేయాల్సిన పనుల జాబితా) లెక్కలో అది చిన్న కోత. కానీ ముందు ఎక్స్‌పైరీ అయ్యే సరుకును ముందు పంపడం ఇక కుదరదు. గడువు తీరిన మందుల నష్టం తగ్గుతుందన్న కార్డు అక్కడితో చిరిగిపోయినట్టే. ఆ మాట స్టీరింగ్ కమిటీలో (ప్రాజెక్టును పర్యవేక్షించే పైవాళ్ళ కమిటీ) ఆ రోజే చెప్పాలి.

అపోహ: సమయం ఆదా అయితే డబ్బు ఆదా అయినట్టే.

బిజినెస్ కేసుల్లో (ప్రాజెక్టుకు డబ్బు అడుగుతూ చూపించే లెక్కలు) ఎక్కువగా కనిపించే కాకిలెక్క ఇదే. 60 మందికి రోజుకు 10 నిమిషాలు మిగిలితే 10 గంటలు. నెలకు 25 పనిదినాలు, 250 గంటలు. గంటకు ₹100 చొప్పున నెలకు ₹25,000, ఏడాదికి ₹3 లక్షలు. స్లైడ్ మీద ముచ్చటగా ఉంటుంది. జీతాల పద్దు మాత్రం ఒక్క రూపాయి తగ్గదు, ఎందుకంటే ఆ 10 నిమిషాలు 60 మంది చేతుల్లో చిల్లరగా పోతాయి.

అది డబ్బుగా మారాలంటే ఎవరో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఓటీ (ఓవర్‌టైమ్) గంటలకు ఫలానా తేదీ నుంచి పరిమితి పెట్టడం, లేదా జ్వరాల సీజన్లో తాత్కాలికంగా తీసుకునే మనుషుల్ని తగ్గించడం, లేదా అదే మనుషులతో ఎక్కువ ఆర్డర్లు తీయడం. నిర్ణయం, తేదీ లేని సమయం ఆదాను ఈ కార్డులన్నీ ఎక్కించే రిజిస్టర్‌లో "డబ్బుగా మారనిది" అన్న వరుసలోనే ఉంచండి. పద్దులో తగ్గే ఖర్చు ఒక వరుస, రాబోయి తప్పిన ఖర్చు మరో వరుస. మూడింటినీ కలిపి కూడకూడదు.

ఇంకో సంగతి. అదే గోడౌన్‌లో ర్యాకులు మార్చే ప్రాజెక్టు కూడా అదే ఓటీ తగ్గింపును తన ఖాతాలో రాసుకుని ఉంటుంది. కంపెనీ మొత్తానికి ఒకే రిజిస్టర్, అది ఫైనాన్స్ దగ్గర ఉంటే తప్ప ఈ డబుల్ లెక్క బయటపడదు.

అపోహ: బేస్‌లైన్ (మార్పుకు ముందున్న కొలత) తర్వాతైనా తీసుకోవచ్చు.

పాత పద్ధతి ఆగిన రోజే దాని కొలత కూడా పోతుంది. గోడౌన్‌లో డిస్పాచ్ సమయాన్ని ఇదివరకు బిల్లు ప్రింటయిన దగ్గర్నుంచి లెక్కపెట్టేవాళ్ళు, 50 నిమిషాలు. కొత్త సిస్టమ్ ఆర్డర్ పడిన క్షణం నుంచి లెక్కపెట్టి 95 చూపిస్తుంది. పని మెరుగై ఉండొచ్చు, రిపోర్టు మాత్రం పరువు తీస్తుంది. అందుకని గడియారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కార్డు మీద రాయాలి. గో-లైవ్‌కు ముందు కనీసం 4 వారాలు రెండు లెక్కల్నీ పక్కపక్కన నడపాలి.

తప్పుల లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఇదివరకు మెడికల్ షాపు వాళ్ళు ఫోన్ చేస్తే సేల్స్ కుర్రాడు మర్నాడు మందు మార్చి ఇచ్చి సర్దేసేవాడు, ఎక్కడా నమోదు కాదు. సిస్టమ్ వచ్చాక ప్రతిదీ నమోదవుతుంది కాబట్టి తప్పులు పెరిగినట్టు కనిపిస్తాయి. పాత రికార్డును నమ్మకుండా, రెండు వారాలపాటు రోజుకు 50 పెట్టెలు లోడింగ్‌కు ముందు విప్పి చూసి లెక్క తీయండి. ఆ లెక్కను ప్రతి 1,000 లైన్లకు (ఆర్డర్‌లో ఒక్కో మందు ఒక లైన్) ఇన్ని అని రాసుకోవాలి. వానాకాలంలో అమ్మకాలు పెరుగుతాయి కనుక జూన్‌తో ఆగస్టును పోల్చకండి, నిరుటి ఆగస్టుతో పోల్చండి.

అపోహ: ట్రైనింగ్ ఇస్తే వాడకం దానంతటదే వస్తుంది.

ప్రయోజనాలు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. యూఏటీ (వాడేవాళ్ళతో చేయించే చివరి పరీక్ష) ఏసీ గదిలో, అప్పుడే ప్రింట్ తీసిన లేబుల్స్‌తో జరుగుతుంది. అసలు పని మే నెలలో రేకుల కప్పు కింద. 2023 ఆగస్టు 1 నుంచి 300 బ్రాండ్ల మందులకు బ్యాచ్, ఎక్స్‌పైరీ ఉండే బార్‌కోడ్ లేదా క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. మిగతా సరుకుకు చాలావరకు గోడౌనే లేబుల్ వేసుకోవాలి. చవకని రిబ్బన్ లేని థర్మల్ లేబుల్స్ కొంటే ఎండకు, వేడికి నల్లబడతాయి, వెలిసిపోతాయి. స్కానర్ చదవదు. సాయంత్రం ఆరింటికి ట్రాన్స్‌పోర్ట్ బండి హారన్ కొడుతుంటుంది, సూపర్‌వైజర్ అరుస్తుంటాడు. పికర్ ఏం చేస్తాడు? బాగున్న లేబుల్ ఒకటి చింపి టేబుల్‌కు అతికించుకుని, పది పెట్టెలకూ దాన్నే స్కాన్ చేస్తాడు. డ్యాష్‌బోర్డ్‌లో స్కానింగ్ 98 శాతం. తప్పు మందులు మాత్రం ఎప్పటిలాగే వెళ్తుంటాయి.

అతన్ని తిట్టి లాభం లేదు, గంటకు ఎన్ని లైన్లు తీశాడన్న దాని మీదే అతని ఇన్సెంటివ్ ఉంది. ముందు ఆ లెక్కలో తప్పులకు కోత చేర్చాలి, అది హెచ్‌ఆర్ సంతకంతో, గో-లైవ్‌కు ముందే. రిబ్బన్‌తో ప్రింటయ్యే లేబుల్స్‌కు మారాలి. ఒకే కోడ్ కొన్ని సెకన్ల తేడాతో మళ్ళీమళ్ళీ స్కానైతే షిఫ్టువారీగా రిపోర్టు రావాలి, చేత్తో కోడ్ కొట్టిన సంఖ్య కూడా. కాగితం లిస్టు ప్రింటర్‌ను ఏ తేదీన పీకేస్తారో ప్రకటించాలి. అది పనిచేస్తున్నన్నాళ్ళూ స్కానర్ అలంకారమే.

మొదటి కొన్ని వారాలు వేగం తగ్గడం మామూలే. దాన్ని ముందే చెప్పి, గో-లైవ్‌ను మార్చి నెలాఖరుకో జ్వరాల సీజన్‌కో పెట్టకుండా ఉంటే చాలు.

అపోహ: అజైల్‌లో (చిన్న చిన్న విడతల్లో పని అప్పగించే పద్ధతి) ఇదంతా అక్కర్లేదు.

వెలాసిటీ, అంటే ఒక్కో విడతలో ముగించే పని, మన టీమ్ నడక వేగం. కస్టమర్ ఇంటికి చేరామా లేదా అన్నది అది చెప్పదు. రిలీజ్‌కొక కార్డు అంకె చూడండి, రెండు మూడు రిలీజ్‌ల తర్వాతా కదలకపోతే మిగతా బ్యాక్‌లాగ్ (చేయాల్సిన పనుల జాబితా) ఎందుకో అడగండి. ఆపేయడం కూడా నిర్ణయమే.

అపోహ: ఒకసారి వచ్చిన ప్రయోజనం ఎక్కడికీ పోదు.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహా మీద మొదలైన పనిలో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. కట్టడం అక్కడితో అయిపోయింది, కాపలా అయిపోలేదు. దాదాపు 70 ఏళ్ళకు, 1996లో, జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలనూ పెద్ద కట్టడాలనూ కట్టడి చేస్తూ జీవో 111 తేవాల్సి వచ్చింది. ఇప్పటికీ వానాకాలంలో గేట్లు ఎప్పుడు ఎత్తాలో చూసే మనుషులు కావాలి.

గోడౌన్‌కూ అంతే. కొత్త పికర్‌కు మొదటి రోజు నేర్పేదెవరు, లేబుల్ రోల్స్ కొనే బడ్జెట్ ఎవరిది, కొత్త మందుకు ర్యాక్ చోటు సిస్టమ్‌లో మార్చే హక్కు ఎవరికి? ఈ మూడు పేర్లు లేకుండా క్లోజర్ (ప్రాజెక్టు ముగింపు) సంతకం తీసుకోవద్దు. 3, 6, 12 నెలల సమీక్షలకు యజమాని, ఫైనాన్స్ ఇద్దరి క్యాలెండర్లలోనూ తేదీలు పెట్టించి, కొలవడానికి పట్టే గంటలను ప్రాజెక్టు బడ్జెట్‌లోనే విడిగా తీసి ఉంచండి. క్లోజర్ అయ్యాక ఆ గంటలు అడిగితే ఎవరూ ఇవ్వరు.