తెర మీది అంకెను ఎంతవరకు నమ్మాలి? ఆటోమేషన్‌పై అపోహలు - వాస్తవాలు

ఇన్‌స్ట్రుమెంటేషన్ (కొలిచే, నియంత్రించే పరికరాల) పనిలో ఉన్నవాడిని. కర్మాగారాల్లో తరచూ వినే కొన్ని మాటల గురించి రాస్తున్నాను.

అపోహ: కంట్రోల్ రూమ్ తెర మీద అంకె కనిపిస్తే అది నిజమే.

వాస్తవం: ఉదాహరణకు ట్యాంకులో ద్రవం ఎంత ఉందో దాని ఒత్తిడిని బట్టి కొలిచే పరికరం, ట్రాన్స్‌మిటర్, పంపే కరెంటే ఆ అంకె అవుతుంది. 4 మిల్లీ ఆంపియర్లు వస్తే ఖాళీ, 20 వస్తే నిండు. ఖాళీకి సున్నా పెట్టకపోవడానికి కారణముంది. తీగ తెగితే కరెంటు సున్నాకు పడుతుంది కాబట్టి, ఖాళీ ట్యాంకుకూ తెగిన తీగకూ తేడా తెలుస్తుంది. మరి తీగ బాగానే ఉండి, ట్రాన్స్‌మిటరే తప్పు చెబితే?

ఒక రసాయన కర్మాగారంలో తెర మీద ట్యాంకు లెవెల్ (ద్రవం మట్టం) రెండు గంటలపాటు 62 శాతం దగ్గర ఆగిపోయింది. లెవెల్ మార్పును చూపే ట్రెండ్ గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. కంట్రోల్ బాగా కుదిరిందని నేను మురిసిపోతున్నాను. పాత ఆపరేటర్ ఒకాయన వచ్చి, “సార్, పంపు నడుస్తుంటే లెవెల్ ఇంత బుద్ధిగా కూర్చుంటుందా? కిందికి వెళ్లి చూద్దాం రండి” అన్నారు. చూస్తే, ట్యాంకుకూ ట్రాన్స్‌మిటర్‌కూ మధ్య ఉన్న సన్నటి గొట్టం గడ్డకట్టి మూసుకుపోయింది. లోపల చిక్కిన పాత ఒత్తిడినే ట్రాన్స్‌మిటర్ చూపిస్తూ వచ్చింది.

అపోహ: ఆటోమేషన్ వస్తే మనుషులతో పని లేదు.

వాస్తవం: గంటగంటకూ రీడింగులు పుస్తకంలో రాసే ఉద్యోగాలు తగ్గిన మాట నిజం, దాచను. కానీ గీత తిన్నగా ఉంటే అనుమానించే ఆ పాత ఆపరేటర్ లాంటివారిని ఏ కంపెనీ అమ్మదు. 1969లో జనరల్ మోటార్స్‌కు చేరిన మొదటి పీఎల్‌సీల్లో (యంత్రాలను నడిపే పారిశ్రామిక కంప్యూటర్లలో) ఒకటైన మోడికాన్ 084 కూడా, ఎలక్ట్రీషియన్లకు అలవాటైన రిలే (విద్యుత్ స్విచ్) సర్క్యూట్ బొమ్మల పద్ధతిలోనే ప్రోగ్రామ్ రాసుకునేలా వచ్చింది.

అపోహ: మా ప్లాంటుకు ఇంటర్నెట్ లేదు, హ్యాకింగ్ భయం లేదు.

వాస్తవం: ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రానికీ బయటి నెట్‌వర్క్‌తో సంబంధం లేదు. అయినా 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రామ్ అక్కడికి చేరింది. అక్కడ గిర్రున తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రాల వేగం మారుస్తూనే, తెర మీద అంతా మామూలుగా ఉన్నట్టు చూపేలా దాన్ని రాశారు. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1979 నాటి పద్ధతి మోడ్‌బస్ ఇప్పటికీ ఎన్నో ప్లాంట్లలో నడుస్తోంది. ఆదేశం పంపినది ఎవరని అది అడగదు.

అపోహ: సాఫ్ట్‌వేర్ కొంటే ఉత్పాదకత పెరుగుతుంది.

వాస్తవం: యంత్రం లభ్యత 90, వేగం 95, నాణ్యత 99 శాతం ఉన్నా, మూడింటినీ గుణిస్తే 84.6 దగ్గర ఆగుతుంది. మిగతాది ఎక్కడ పోతోందో సాఫ్ట్‌వేర్‌కు చెప్పాల్సింది, లైను ఆగినప్పుడు తెర మీది జాబితాలో ఆపరేటర్ ఎంచి నొక్కే కారణం. ఒకచోట నెల రిపోర్టులో ‘కరెంటు పోయింది’ అన్నదే మొదటి స్థానంలో వచ్చింది. జనరేటర్ ఉన్న ప్లాంటు అది! వెళ్లి చూస్తే జాబితాలో మొదటి వరుస అదే. చేతికి తొడుగు, ఎదురుగా ఆగిపోయిన లైను, చిన్న తెర. ఎవరైనా పైదే నొక్కుతారు. జాబితా వరుస మార్చాం. మరుసటి నెల కరెంటు కోతలు ఒక్కసారిగా తగ్గిపోయాయి.