కంప్యూటర్ సైన్స్‌కి కాలేజీ ఎంచుకోవడం: నేను తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

ముందు నా సంగతి చెప్తా. ఎనిమిదేళ్ళు ఒక కాలేజీలో ఆపరేటింగ్ సిస్టమ్స్, డేటాబేస్‌లు చెప్పాను, తర్వాత సాఫ్ట్‌వేర్ కంపెనీలోకి వచ్చి ఇప్పుడు కొత్తగా డిగ్రీ అయిన పిల్లల్ని ఇంటర్వ్యూలు చేస్తున్నా. అంటే గేటుకి అటూ ఇటూ రెండు వైపులా నిలబడ్డవాణ్ణే. అడ్మిషన్లు మొదలైతే చాలు తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి "ఈ రెండింట్లో ఏది మంచిదండీ" అని అడుగుతారు. నేను తిరిగి ఒకటే అడుగుతా, అక్కడ రెండో ఏడు మూడో ఏడు పిల్లలకి ఇచ్చే అసైన్‌మెంట్ పేపర్ ఒక్కటైనా చూశారా అని. చూసినవాళ్ళు ఇప్పటిదాకా ఎవరూ తగల్లేదు. హాస్టల్ చూసుంటారు, ఆడిటోరియం చూసుంటారు, వెబ్‌సైట్‌లో డ్రోన్ వీడియో చూసుంటారు, పిల్లాడు నాలుగేళ్ళు కూర్చుని చేయబోయే పని మాత్రం చూడరు.

అపోహ: ర్యాంకింగ్‌లో పైనున్నదే మంచి కాలేజీ

ర్యాంకింగ్ అబద్ధం అనట్లేదు, కానీ అది దేన్ని కొలుస్తోందో చూడకుండా నంబర్ పట్టుకుని తిరిగితే ఎలా. క్యూఎస్ అనే సంస్థ ఇచ్చే ప్రపంచ యూనివర్సిటీల ర్యాంకింగ్ తీసుకోండి. 2024 ఎడిషన్ నుంచి అందులో 30 శాతం మార్కులు అకడమిక్ పేరుప్రతిష్ఠలకి, అంటే వేరే చోట పనిచేసే ప్రొఫెసర్లు ఈ యూనివర్సిటీ గురించి ఏమనుకుంటున్నారనే సర్వేకి. ఇంకో 20 శాతం రీసెర్చ్ పేపర్ల సైటేషన్లకి, అంటే ఆ పేపర్లని వేరేవాళ్ళు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారనేదానికి. ఒక టీచర్‌కి ఎంతమంది స్టూడెంట్లు అనేదానికి అంతకుముందు 20 శాతం ఉండేది, దాన్ని 10కి తగ్గించారు. పైగా ఇదంతా మొత్తం యూనివర్సిటీకి కట్టే లెక్క, మెడికల్ రీసెర్చ్ బాగా జరిగితే ఆ మార్కులు కూడా ఇందులోనే కలుస్తాయి, దానికీ మీ అమ్మాయి రాసిన కంపైలర్ ప్రోగ్రామ్‌ని ఎవరైనా చదివి తప్పు చెప్తారా లేదా అన్నదానికీ సంబంధం ఏముంది? సరే సబ్జెక్ట్ వారీగా చూద్దాం అంటే, అమెరికాలో యూఎస్ న్యూస్ అనే మీడియా సంస్థ ఇచ్చే డిగ్రీ స్థాయి కంప్యూటర్ సైన్స్ లిస్ట్ పూర్తిగా తోటి కాలేజీల పెద్దలు ఇచ్చే మార్కుల మీదే నడుస్తుంది. సీఎస్‌ర్యాంకింగ్స్ అని ఇంకోటి ఉంది, అది ఫ్యాకల్టీ పెద్ద కాన్ఫరెన్సుల్లో వేసిన పేపర్లు లెక్కేస్తుంది, పీహెచ్‌డీకి గైడ్‌ని వెతుక్కునేవాళ్ళకి బ్రహ్మాండంగా పనికొస్తుంది, ఫస్టియర్‌లో చేరేవాడికి అందులో దొరికేది తక్కువ.

కాలేజీలు సొంతంగా ఇచ్చే అంకెల సంగతి ఇంకోటి. 2022లో కొలంబియా యూనివర్సిటీలో పనిచేసే గణితం ప్రొఫెసరే తమ యూనివర్సిటీ యూఎస్ న్యూస్‌కి పంపిన అంకెలు సరిగ్గా లేవని లెక్కలేసి చూపించారు. అంతకుముందు 2వ స్థానంలో ఉన్నది ఆ ఏడాదే 18కి పడింది. ఒక్క ఏడాదిలో అక్కడ పాఠాలు పదహారు మెట్లు దిగిపోయాయా? పాఠాలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

నేనైతే ర్యాంకుల్ని జల్లెడలాగే వాడమంటా, మరీ అడుగున ఉన్నవి తీసేయడానికి. 40కి 55కి మధ్య తేడా కోసం కొట్టుకోవద్దు.

అపోహ: యావరేజ్ ప్యాకేజీ చూస్తే అంతా తెలిసిపోతుంది

ఇక్కడ కాస్త ఆగి లెక్క చూడండి. పదిమంది ఉన్నారు, నలుగురికి 4 చొప్పున వచ్చింది, ముగ్గురికి 5, ఇద్దరికి 6, ఒక్కడికి 61. మొత్తం 104, యావరేజ్ 10.4. బ్రోచర్‌లో ఈ 10.4 పెద్ద అక్షరాల్లో ఉంటుంది, పక్కనే ఆ 61 వచ్చిన అబ్బాయి ఫోటో. పదిమందిలో తొమ్మిదిమంది ఆ యావరేజ్ దరిదాపుల్లోకి కూడా రాలేదు. అదే వరసలో పెట్టి మధ్యలో ఎంతుందో చూస్తే, అంటే మీడియన్, 5. అందుకే మీడియన్ అడగండి. అడిగితే వెంటనే చెప్పారంటే అదే ఒక మంచి గుర్తు.

ఇంకో మాయ శాతంలో ఉంటుంది. నేను పనిచేసిన కాలేజీలో రెండేళ్ళు ప్లేస్‌మెంట్ కమిటీలో కూర్చున్నా. 95 శాతం ప్లేస్‌మెంట్ అని వేసేవాళ్ళం, దేంట్లో 95 శాతం? ప్లేస్‌మెంట్‌కి అర్హత ఉండి, రిజిస్టర్ చేసుకున్నవాళ్ళలో. సబ్జెక్టులు మిగిలిపోయినవాళ్ళు, మధ్యలో మానేసినవాళ్ళు, విసిగిపోయి పేరే ఇవ్వనివాళ్ళు లెక్కలోనే లేరు. ఒకే అమ్మాయికి మూడు ఆఫర్లొస్తే మూడు ఆఫర్లుగా రాసేవాళ్ళం. అబద్ధం ఒక్కటీ లేదు చూడండి, అన్నీ నిజాలే, అయినా చదివినవాళ్ళకి అర్థమయ్యేది మాత్రం తప్పే. అప్పుడు నోరు మూసుకుని కూర్చున్నా, ఆ గిల్ట్ ఇప్పటికీ ఉంది.

కాబట్టి అడగాల్సినవి ఇవి: ఆ బ్యాచ్‌లో చేరింది ఎంతమంది, టైముకి డిగ్రీ చేతికొచ్చింది ఎంతమందికి, వచ్చిన ఉద్యోగాల్లో నిజంగా కోడ్ రాసేవి ఎన్ని. మూడోది సాధారణంగా ఎవరూ చెప్పరు, లింక్డ్‌ఇన్‌లో ఆ కాలేజీ పేరు కొట్టి మూడేళ్ళ కిందట బయటికొచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో ఓ ముప్పై మందివి చూస్తే మీకే తెలుస్తుంది, ఒక సాయంత్రం పని.

అపోహ: మామూలు కంప్యూటర్ సైన్స్ పాతబడింది, ఏఐ పేరున్న డిగ్రీ అయితేనే భవిష్యత్తు

ఈమధ్య ఫోన్లలో సగం ఇదే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టు పేర్లు మాత్రం భలే పెడుతున్నారు. ఏఐ డిగ్రీ అంటేనే బూటకం అనుకోకండి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ 2018లో ఏఐలో డిగ్రీ మొదలుపెట్టింది, కానీ వాళ్ళ కోర్సుల లిస్ట్ తీసి చూస్తే అడుగున ఉన్నది గట్టి గణితం, ప్రాబబిలిటీ, అల్గారిథమ్స్, సిస్టమ్స్, అంటే కంప్యూటర్ సైన్స్ పునాది అలాగే ఉంచి దానిమీద ఏఐ కట్టారు. చాలాచోట్ల జరిగేది దీనికి రివర్స్, ఉన్న కోర్సులు రెండు మూడు పీకేసి అక్కడ ఏఐ పేరున్నవి పెడతారు.

చూడాల్సిందల్లా ఏం తీసేశారనేది. ఒకే కాలేజీలో రెండు డిగ్రీల సబ్జెక్టుల లిస్టులు పక్కపక్కన పెట్టుకోండి. ఆపరేటింగ్ సిస్టమ్స్ పోయిందా, నెట్‌వర్క్స్ పోయిందా, లీనియర్ ఆల్జీబ్రా ఒక సెమిస్టర్‌లో సగానికి కుదించారా? అలా అయితే మామూలు డిగ్రీలోనే చేరి ఏఐ ఎలక్టివ్‌లు తీసుకోవడం మేలు. న్యూరల్ నెట్‌వర్క్‌కి నేర్పించే బ్యాక్‌ప్రాపగేషన్ పద్ధతి 1986 పేపర్‌తో అందరికీ తెలిసింది, ఇప్పటి ఏఐ చాట్‌బాట్‌లకి మూలమైన ట్రాన్స్‌ఫార్మర్ పేపర్ వచ్చింది 2017లో, ఈ ముప్పై ఏళ్ళలో పద్ధతులు ఎన్నో మారాయి గానీ అడుగునున్న కాలిక్యులస్, మాత్రికలు, ప్రాబబిలిటీ మారలేదు. ఇంకో ముక్క. కంప్యూటర్ రంగం వాళ్ళ పెద్ద సంఘాలు ఏసీఎమ్, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ, ఏఐ పరిశోధకుల సంఘం ఏఏఏఐ మూడూ కలిసి కూర్చుని సీఎస్2023 అని ఒక మోడల్ సిలబస్ తయారు చేశాయి. ఏఐ వాళ్ళు కూడా ఉండి రాసిన దాంట్లోనే మొత్తం 17 విభాగాలుంటే ఏఐ వాటిల్లో ఒకటి.

అపోహ: సిలబస్‌లో లేటెస్ట్ టెక్నాలజీలు ఉండాలి

ఇది వింటే నాకు కొంచెం కోపం వస్తుంది, దానికి కారణం ఉంది. నేను చెప్పే రోజుల్లో "ఇండస్ట్రీ రెడీ" చేయాలని పైనుంచి ఒత్తిడి వచ్చి ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ సగం తీసేసి అప్పట్లో ఊపు మీదున్న ఒక మొబైల్ ఫ్రేమ్‌వర్క్ పెట్టించారు. ఆ బ్యాచ్ బయటికొచ్చేసరికి ఆ ఫ్రేమ్‌వర్క్ అడిగేవాడు లేడు. తీసేసిన సగం మాత్రం, థ్రెడ్లు, లాకులు, మెమరీ, ఇవాళ్టికీ ప్రతి ఇంటర్వ్యూలో నేను అడుగుతున్నా.

డేటాని పట్టికల్లో పెట్టే రిలేషనల్ డేటాబేస్ ఆలోచన ఎడ్గర్ కాడ్ అనే శాస్త్రవేత్త రాసింది 1970లో, డేటాబేస్ ఇండెక్స్‌లకి ఇప్పటికీ ఎక్కువగా వాడే బీ-ట్రీ మీద పేపర్ 1972లో, దగ్గరి దారి వెతికే డైక్‌స్ట్రా షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ 1959లో. సిలబస్‌లో ఇవి కనిపిస్తే పాత చింతకాయ పచ్చడి అనుకోవద్దు, ఇవి లేకపోతేనే భయపడండి.

అయితే అదే 1970ల విషయాన్ని ఎలా చెప్తున్నారన్నది వేరే ప్రశ్న, నా అసైన్‌మెంట్ల గోల అంతా అందుకే. ఆపరేటింగ్ సిస్టమ్స్‌నే తీసుకోండి. ఒకచోట "డెడ్‌లాక్‌కి (ప్రోగ్రాములు ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ ఆగిపోవడానికి) నాలుగు షరతులు రాయుము" అని పరీక్ష పెట్టి వదిలేస్తారు. ఇంకోచోట ఎంఐటీ వాళ్ళు క్లాసు కోసం తయారుచేసిన ఎక్స్‌వీ6 అనే బుల్లి ఆపరేటింగ్ సిస్టమ్ చేతికిచ్చి, ఇందులో కొత్త సిస్టమ్ కాల్ పెట్టు, ఫోర్క్ చేసినప్పుడు, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కి ఇంకో నకలు పుట్టించినప్పుడు, మెమరీ మొత్తం కాపీ చేయకుండా అవసరమైనప్పుడే కాపీ అయ్యేలా మార్చు అంటారు. స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన పింటోస్ కూడా ఇలాంటిదే. రెండూ ఫ్రీ, ఎవరైనా దించుకోవచ్చు, కాబట్టి "మా దగ్గర బడ్జెట్ లేదు" అనే మాట ఇక్కడ చెల్లదు. కావాల్సింది ఆ పేజీ టేబుల్ (ఏ మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టిక) పాడై మెషీన్ బూట్ అవ్వనప్పుడు పక్కన కూర్చుని చూసే మనిషి. రెండు కాలేజీల ట్రాన్‌స్క్రిప్ట్‌లోనూ సబ్జెక్ట్ పేరు ఒకటే, క్రెడిట్లు ఒకటే, ఇంటర్వ్యూలో కూర్చున్న మూడో నిమిషంలో ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలిసిపోతుంది.

గిట్ (కోడ్‌లో మార్పుల చరిత్ర దాచే టూల్), కమాండ్ లైన్, టెస్టులు రాయడం లాంటివి మాత్రం చాలా మంచి కాలేజీలు కూడా సరిగ్గా చెప్పవు, అది నిజం. ఎంఐటీలోనే ఈ లోటు చూసి 2020 జనవరిలో పీహెచ్‌డీ స్టూడెంట్లు ముగ్గురు సొంతంగా ఒక క్లాసు పెట్టి అవి నేర్పించారు, వీడియోలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. ఇవి సొంతంగా నేర్చుకోవచ్చు, దీనికోసం కాలేజీ మార్చక్కర్లేదు.

అపోహ: అన్నీ యూట్యూబ్‌లోనే ఉన్నాయి, ఏ కాలేజీ అయినా ఒకటే

పాఠాలు ఫ్రీగా దొరకడం కొత్తేం కాదండీ, ఎంఐటీ తన కోర్సుల మెటీరియల్ అందరికీ ఆన్‌లైన్‌లో పెడతామని ప్రకటించింది 2001లోనే. పాఠం వినడానికే అయితే అప్పుడే కాలేజీలు మూతపడాలి. వీడియో నీ కోడ్ చదవదు, అదీ సంగతి. పని చేస్తున్న కోడ్‌లో కూడా "ఇది ఎందుకిలా రాశావ్" అని అడిగేవాళ్ళు దొరకడం, రాత్రి ఒంటిగంటకి అదే బగ్ మీద కొట్టుకుంటున్న ఇంకో నలుగురు ఉండటం, వీటికే ఫీజు. కాబట్టి ఒక సెక్షన్‌కి ఎంతమంది, అసైన్‌మెంట్లు దిద్దేది ఎవరు, టీఏలు (టీచర్‌కి సాయం చేసే సీనియర్ స్టూడెంట్లు) ఉన్నారా, మార్కులతోపాటు కామెంట్లు రాస్తారా లేక కోడ్‌ని దానంతటదే దిద్దే ఆటోగ్రేడర్ ప్రోగ్రామ్ పచ్చ రంగు చూపించి వదిలేస్తుందా, ఇవి అడగండి. పేరున్న రీసెర్చర్ ఉన్నాడని మురిసిపోయేముందు ఆయన డిగ్రీ పిల్లలకి ఏ సబ్జెక్ట్ చెప్తున్నాడో కూడా అడగండి, కొన్నిసార్లు జవాబు "ఏదీ లేదు".

ఇంకొన్ని చిన్నవి గబగబా. ముందే కోడింగ్ రాకపోతే చేరకూడదు అంటారు, కాదు, కానీ ఎప్పుడూ కోడ్ రాయనివాళ్ళకి, స్కూల్లోనే రాసేసినవాళ్ళకి మొదటి కోర్సు వేరువేరుగా ఉందేమో చూడండి, ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెడితే కొత్తవాళ్ళు నేను పనికిరానేమో అనుకుని మొదటి సెమిస్టర్‌లోనే డీలాపడిపోతారు. అక్రిడిటేషన్ ఉంటే చాలు అంటారు, అది కనీస హామీ వరకే, స్టాన్‌ఫర్డ్ కంప్యూటర్ సైన్స్ డిగ్రీకి అమెరికాలో ఇంజనీరింగ్, కంప్యూటింగ్ కోర్సులకి అక్రిడిటేషన్ ఇచ్చే ఏబెట్ సంస్థ గుర్తింపే లేదు, వాళ్ళకి అక్కర్లేదు కూడా, అయితే పెద్దగా పేరు లేని కాలేజీ అయినా, డిగ్రీతో వేరే దేశం వెళ్ళే ఆలోచన ఉన్నా గుర్తింపు తప్పకుండా చూసుకోండి. ల్యాబ్‌లో ఖరీదైన మెషీన్లు ఉన్నాయంటారు, పైన పటారం లోన లొటారం, డిగ్రీ స్థాయిలో చేసే పనిలో ఎక్కువ భాగం మామూలు ల్యాప్‌టాప్ మీద అయిపోతుంది, ల్యాబ్ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందో అడగడం నయం.

అపోహ: ఒకసారి వెళ్ళి క్యాంపస్ చూసొస్తే తెలిసిపోతుంది

తిప్పి చూపించేవాళ్ళతో తిరిగితే తెలియదు. వాళ్ళని వదిలేసి థర్డియర్ పిల్లల్ని ఒకరిద్దర్ని పట్టుకుని "ఈ వారం ఏం చేస్తున్నారు" అని అడగండి, ఇంకేం అడగొద్దు. మొన్న మా చెల్లెలి కొడుకుతో రెండు కాలేజీలకి వెళ్ళా. మొదటి దాంట్లో అబ్బాయి "ఇంటర్నల్స్ ఉన్నాయంకుల్" అన్నాడు, ఏ సబ్జెక్ట్ అంటే కాసేపు ఆలోచించాడు. రెండోది చిన్న కాలేజీ, గోడలకి రంగేసి చాన్నాళ్ళయింది. అక్కడో అమ్మాయి మెట్లమీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది, ఫైల్ సిస్టమ్ రాస్తున్నానని చెప్పి, 41 టెస్టుల్లో మూడు ఫెయిలవుతున్నాయి, మధ్యలో కరెంట్ పోతే డేటా పోకుండా ఉండాలట, ఆ మూడూ దానివేనని మావాడికి స్క్రీన్ చూపించడం మొదలుపెట్టింది. నేను పక్కకెళ్ళి ఫోన్ మాట్లాడి ఇరవై నిమిషాల తర్వాత వస్తే ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు, మావాడు కింద మెట్టు మీద కూర్చుని ఫైల్ సిస్టమ్‌లో జర్నల్ అంటే ఏంటని అడుగుతున్నాడు.