సముద్రపు బాక్టీరియాకి పేరు పెట్టడం: అపోహలు - వాస్తవాలు

అపోహ: 16ఎస్ జన్యువు (బాక్టీరియాలన్నిట్లో ఉండే, ప్రోటీన్లు తయారుచేసే యంత్రానికి చెందిన ఒక ఆర్ఎన్ఏ జన్యువు) చదివిస్తే జాతి ఏదో తేలిపోతుంది.

నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. "99.5 శాతం కలిసింది, వైబ్రియో హార్వీయే కదా సార్?" అంటారు. ఆ ఒక్క అంకెతో అలా చెప్పలేం.

వాస్తవం: ఆ జన్యువు పొడవు దాదాపు 1,500 డీఎన్ఏ అక్షరాలే, మారడం కూడా చాలా నెమ్మది. ఇంటిపేరు చెబుతుంది కానీ అన్నదమ్ముల్ని వేరుచేయలేదు. పోలిక 98.7 శాతం కంటే తక్కువైతే కొత్త జాతి అని చాలావరకు ధైర్యంగా అనొచ్చు. ఎక్కువైతే మాత్రం ఏమీ తేలనట్టే. రొయ్యల రైతులకు తెలిసిన హార్వీకి, దాని దగ్గరి చుట్టం క్యాంప్‌బెలైకి 16ఎస్ 99 శాతం పైనే కలుస్తుంది. బాక్టీరియా రసాయనాలతో ఎలా మాట్లాడుకుంటాయో నేర్పిన బీబీ120 అనే వెలుగునిచ్చే స్ట్రెయిన్ (జాతిలో విడిగా పెంచుతున్న ఒక రకం) ఏళ్ల తరబడి హార్వీగానే చలామణీ అయింది. 2010లో జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) పోల్చి చూస్తే క్యాంప్‌బెలై అని తేలింది! పైగా వైబ్రియోల్లో ఒక్క కణంలోనే ఈ జన్యువుకి చాలా ప్రతులుంటాయి. వైబ్రియో నేట్రీజెన్స్ అనే జాతిలో అయితే 13. అవన్నీ అచ్చంగా ఒకేలా ఉండాలనీ లేదు.

అపోహ: ఏఎన్ఐ 95 శాతం దాటితే పాత జాతి, దాటకపోతే కొత్తది.

వాస్తవం: రెండు జీనోముల సగటు పోలికే ఏఎన్ఐ. 95-96 అనేది గోడ కాదు, పొలం గట్టులాంటిది, దానికీ కొంత వెడల్పు ఉంటుంది. అక్కడ పడ్డవాటికి డిజిటల్ డీడీహెచ్ (రెండు డీఎన్ఏలు ఎంత జతకడతాయో కంప్యూటర్‌లో వేసే అంచనా) 70 శాతం దాటిందా, వంశవృక్షంలో ఎక్కడ కూర్చుంది అన్నవి కూడా చూస్తాం. దేనితో పోల్చామన్నది ఇంకా ముఖ్యం. ఆ జాతి టైప్ స్ట్రెయిన్‌తోనే (ఆ పేరుకి అధికారిక నమూనాగా ఎంచుకున్న స్ట్రెయిన్‌తో) పోల్చాలి, డేటాబేస్‌లో ఎవరో ఆ పేరు తగిలించిన జీనోమ్‌తో కాదు.

ఒకసారి మాకూ దెబ్బ తగిలింది. కొత్తది దొరికిందని ల్యాబులో స్వీట్లు కూడా పంచుకున్నాం. తీరా చూస్తే జీనోమ్ సైజు దాదాపు రెట్టింపు, ఒక్కొక్కటే ఉండాల్సిన జన్యువులు జంటలుగా ఉన్నాయి. ఒకే కాలనీ అనుకున్నదాంట్లో రెండు బాక్టీరియాలున్నాయన్నమాట. అప్పట్నుంచి మెరైన్ అగర్ మీద మూడుసార్లు గీసి శుద్ధి చేయనిదే డీఎన్ఏ తీయనివ్వను.

అపోహ: పేరు మారిందంటే పాతవాళ్లు తప్పు చేశారు.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. ప్రోటియోబాక్టీరియా అనే పెద్ద బాక్టీరియా వర్గం 2021లో సూడోమోనడోటా అయింది నామకరణ నియమం మారడం వల్లే. పాఠాలు చెప్పేవాళ్లకు తలనొప్పి, అంతే.

అపోహ: జీనోమ్ ఉంటే, బాక్టీరియాని పెంచే ప్లేటుతో పనేముంది?

వాస్తవం: ముందునుంచీ ఉన్న నామకరణ నియమావళి ప్రకారం బతికున్న కల్చర్‌ని (ల్యాబులో పెంచిన బాక్టీరియాని) కనీసం రెండు దేశాల్లోని రెండు భాండాగారాల్లో దాచాలి. సముద్రంలో లెక్కలేనంతగా ఉండే ఎస్ఏఆర్11 గుంపు ఆనవాలు 1990లో డీఎన్ఏ ద్వారా దొరికితే, దాన్ని పెంచడానికి 2002 దాకా పట్టింది. అలా పెంచిన పెలాజిబాక్టర్‌కి కూడా పేరు ముందు "కాండిడేటస్" (ఇంకా అధికారికం కాని పేరు అని గుర్తు) తగిలించే రాసేవాళ్లు. 2022లో వచ్చిన సీక్‌కోడ్ అనే కొత్త నామకరణ నియమావళి జీనోమ్‌నే టైప్‌గా ఒప్పుకుంటుంది. పెరగని వాటికి అది వరమే. కానీ మీ ప్లేటు మీద శుభ్రంగా పెరుగుతున్నదానికి ఆ దారి పట్టకండి, రేపు ఇంకో ల్యాబువాళ్లు స్ట్రెయిన్ పంపమంటే ఏం పంపుతారు?